లీడ్స్‌లో సగం ప్లాటు, సంక్రాంతికి దప్పళం: ఏ గుమ్మడి వేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ఇది. మీరు ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నారు. కౌన్సిల్ వెయిటింగ్ లిస్టులో ఉండగా ఉండగా ఇప్పుడు సగం అలాట్‌మెంట్ ప్లాటు, అంటే కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే నేలముక్క, చేతికొచ్చింది. గుమ్మడి వేద్దామని విత్తనాల కేటలాగ్ తెరిస్తే పేజీల కొద్దీ రకాలు, ఒక్క పేరూ తెలిసింది కాదు. ఖమ్మం దగ్గర ఊళ్లో మీ అమ్మగారు ఇంటి గింజలు పంపిస్తానంటున్నారు. ఇంట్లో నలుగురు. కాయలు జనవరి దాకా నిలవుండి సంక్రాంతి దప్పళంలోకి రావాలన్నది మీ కోరిక.

సూటిగా చెప్తాను. రెండు క్రౌన్ ప్రిన్స్ మొక్కలు, రెండు ఉచికి కురి మొక్కలు వేయండి. మొదటి ఏడాదికి అంతే చాలు. సీసా ఆకారపు బటర్‌నట్ గుమ్మడి మీద మరీ మనసుంటే హంటర్ అనే ఎఫ్1 (రెండు రకాలను కలిపి చేసిన సంకర) రకం ఒక్క మొక్క, అదీ ప్లాటులో బాగా ఎండ తగిలే, గాలి కొట్టని మూలలో. ఊరి గింజలు మాత్రం ఆరుబయట వేయకండి. అవి చెడ్డవని కాదు, లీడ్స్ వేసవి వాటికి సరిపడదు.

నేను లెస్టర్ దగ్గర ఇదే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మీరు నాకంటే ఉత్తరాన ఉన్నారు కాబట్టి నాకు అంచున పండే రకాలు మీకు పండకపోవచ్చు. అది లెక్కలో పెట్టుకునే పై సలహా ఇచ్చాను. ఇక కారణాలు.

కేటలాగ్‌లో మీరు చూడాల్సింది వింటర్ స్క్వాష్ అనే శీర్షిక కింద. ఇవి వేసవంతా పెరిగి, తొక్క ముదిరాక కోసి, చలికాలమంతా ఇంట్లో పెట్టుకుని తినేవి. సమ్మర్ స్క్వాష్ కింద ఉన్నవి కోర్జెట్ (జుకినీ) లాంటివి, లేతగా కోసి ఆ వారమే వండుకోవాలి. అవి సంక్రాంతి దాకా ఉండవు. కోర్జెట్ వేసుకోండి, కానీ ఒక్క మొక్క చాలు. నలుగురున్న ఇంటికి రెండో మొక్క వేస్తే ఆగస్టులో పక్క ప్లాటు వాళ్లకు పంచడంతోనే సరిపోతుంది.

రకం ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది బొమ్మ కాదు, కాయ సైజు కాదు, ఎన్ని రోజుల్లో ముదురుతుందన్నది. లీడ్స్ చుట్టుపక్కల మే నెలాఖరు దాకా రాత్రిళ్లు ఫ్రాస్ట్, అంటే నీరు గడ్డకట్టే చలి, పడే భయం ఉంటుంది. గుమ్మడి జాతిలో ఏదీ ఒక్క రాత్రి ఫ్రాస్ట్‌కు కూడా ఆగదు, తెల్లారేసరికి ఆకులు ఉడకబెట్టినట్టు వాడి నల్లబడతాయి. అందుకని మొక్క బయటకు వెళ్లేది జూన్ మొదటి వారంలో. అక్టోబరులో మళ్లీ ఫ్రాస్ట్ మొదలవుతుంది, ఆలోపు కాయ ఇంట్లో ఉండాలి. మధ్యలో మీకు దొరికేది దాదాపు 120 రోజులు.

కాగితం మీద 120 రోజులంటే చాలా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ అక్కడ జులైలో కూడా సగటున పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత 20, 21 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఖమ్మంలో జనవరి మధ్యాహ్నం కూడా అంతకంటే వెచ్చగా ఉంటుంది కదా. గుమ్మడి వేడిని బట్టి పెరుగుతుంది, తేదీలను బట్టి కాదు. రాత్రి 10 డిగ్రీలకు పడిపోతే మొక్క ఎదుగుదల బాగా మందగిస్తుంది. పైగా చాలా ప్యాకెట్ల మీద వేసే రోజుల లెక్క ఇంతకంటే వెచ్చటి దేశాల్లో వచ్చినది. నేనైతే ప్యాకెట్ మీద ఎంత ఉంటే దానికి రెండు, మూడు వారాలు కలుపుకుంటాను. 90, 95 రోజులని ఉన్న రకం లీడ్స్‌లో హాయిగా ముదురుతుంది. 105 అని ఉంటే మంచి ఏడాదైతే ముదురుతుంది. 120 అని ఉంటే కొనకండి.

ఇప్పుడు ఊరి గింజల సంగతి. మన దగ్గర పులుసుల్లోకి వాడే తీపి గుమ్మడి ఎక్కువగా కుకుర్బిటా మోస్చాటా అనే జాతిది. బటర్‌నట్ కూడా ఆ జాతే. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క చందన్ కూడా అదే. ఈ జాతికి కేటలాగ్‌లో కనిపించే మిగతా గుమ్మడి జాతులకంటే ఎక్కువ వేడి కావాలి. అది మొదటి అడ్డంకి. రెండోది పగటి పొడవు. ఖమ్మంలో జూన్‌లో కూడా పగలు 13 గంటల పైచిలుకే. లీడ్స్‌లో అదే సమయంలో 17 గంటలు. ఉష్ణమండలంలో తరతరాలుగా పండుతూ వచ్చిన మోస్చాటా రకాల్లో చాలావాటికి పగలు పొట్టిగా ఉంటేనే ఆడపువ్వు వేసే స్వభావం ఉంటుంది. ఇక్కడి పొడుగు పగళ్లలో అవి తీగలు సాగుతూ, మగపువ్వులు పూస్తూ కాలం గడిపేస్తాయి.

దీన్ని నేను పనిగట్టుకుని పరీక్షించి చూశాను. గుంటూరు జిల్లా నాటు గుమ్మడిని మా ప్లాటులో ఒక పక్కగా వేసి, పక్కనే ఉచికి కురి వేశాను. నాటు మొక్క బలానికి తిరుగు లేదు. ఆగస్టు వచ్చేసరికి దారి దాటి కంపోస్టు గూడు ఎక్కేసింది, ఆకులు అరిచేతికి రెండింతలు. రోజూ పొద్దున్నే పది, పదిహేను పసుపు పువ్వులు, అన్నీ మగవే. సెప్టెంబరులో పగలు తగ్గాక ఆడపువ్వులు కనిపించాయి, అప్పటికి వేడి అయిపోయింది. పిందెలు నిమ్మకాయంత అయ్యి పసుపుబారి రాలిపోయాయి. అదే వారంలో పక్కనున్న ఉచికి కురి కాయలు కోతకొచ్చాయి. పువ్వులతో బజ్జీలు మాత్రం చాలాసార్లు వేసుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. భారత్ నుంచి నాటే విత్తనాలు బ్రిటన్‌కు తేవాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవని ఇచ్చే అధికారిక పత్రం, ఉండాలి. అమ్మ కొంగున మూటగట్టి ఇచ్చినవైనా, పోస్టులో వచ్చినవైనా నియమం ఒకటే. గింజలతో పాటు వచ్చే వైరస్‌లు, తెగుళ్లు ఇక్కడి తోటల్లో పడకూడదన్నది దాని ఉద్దేశం. సైటులో మన చుట్టూ నలభై మంది సాగు చేస్తుంటారు, వాళ్ల పంటల గురించి కూడా మనం ఆలోచించాలి.

సరే, ఈ రెండు రకాలే ఎందుకన్నది చెప్తాను. క్రౌన్ ప్రిన్స్, ఉచికి కురి రెండూ కుకుర్బిటా మాక్సిమా జాతివి. ఈ జాతి చల్లటి వేసవిని మోస్చాటా కంటే బాగా తట్టుకుంటుంది. రెండూ ఒకే జాతి కావడంలో ఇంకో లాభం ఉంది. ఒక మొక్క మీద ఆడపువ్వు విచ్చిన రోజు మగపువ్వు లేకపోతే పక్క మొక్క మగపువ్వు పనికొస్తుంది. వానలు పట్టుకున్న జులైలో ఇది చాలా ఆదుకుంటుంది. నాలుగు మొక్కలూ నాలుగు జాతులు వేసుకుంటే ఈ వీలు ఉండదు.

క్రౌన్ ప్రిన్స్ బూడిద, నీలం కలిసిన రంగులో, బల్లపరుపుగా, గాళ్లు గాళ్లుగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే మనవాళ్లు బూడిద గుమ్మడి అనుకుంటారు. కాదు. బూడిద గుమ్మడి మీద ఉండేది చేతికంటే తెల్లపొడి, దీనికి తొక్క రంగే అది. కోస్తే లోపల ముదురు నారింజ రంగు గుజ్జు, గట్టిగా, తడి తక్కువగా ఉంటుంది. కాయ మూడు, నాలుగు కిలోలు తూగుతుంది. మొక్కకు రెండు, మూడు కాయలు నిలిస్తే మంచి కాపు. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్ల గార్డెన్ మెరిట్ అవార్డు దీనికి ఉంది. కేటలాగ్‌లో చిన్న కప్పు గుర్తు కనిపిస్తే అదే. ఇది ఎఫ్1, ప్యాకెట్లో గింజలు తక్కువ, ధర ఎక్కువ. అయినా నేను ఏటా కొంటాను. సరిగ్గా ముదిరి, సరిగ్గా ఆరిన కాయ మా ఇంట్లో మార్చి దాకా చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా కోసిన రోజుకంటే నెలా రెండు నెలలు ఆగాక రుచి పెరుగుతుంది, గుజ్జులోని పిండి మెల్లగా తీపిగా మారుతుంది. మీ సంక్రాంతి లెక్కకు ఇంతకంటే సరిపోయేది నాకు కనిపించలేదు.

ఉచికి కురి జపాన్ రకం. ఎర్ర నారింజ రంగులో, పెద్ద ఉల్లిగడ్డ ఆకారంలో ఉంటుంది. కిలో, కిలోన్నర తూగుతుంది. ఒక పూట వంటకు ఒక కాయ సరిపోతుంది, సగం కోసి ఫ్రిజ్‌లో దాచాల్సిన పని లేదు. క్రౌన్ ప్రిన్స్ కంటే ముందే ముదురుతుంది. అందుకే దీన్ని వేయమంటున్నాను: వేసవి పూర్తిగా పాడైన ఏడాది క్రౌన్ ప్రిన్స్ ముదరకపోయినా ఉచికి కురి చేతికొస్తుంది. మొక్కకు నాలుగైదు కాయలు ఆశించవచ్చు. తొక్క పల్చన, చెక్కు తీయకుండానే వండుకోవచ్చు. నిలవ మాత్రం క్రౌన్ ప్రిన్స్ అంత కాదు. క్రిస్మస్ లోపు తినేయడం మంచిది, బాగా ముదిరినవి జనవరి దాకా లాగుతాయి. కాబట్టి దసరా, దీపావళికి ఉచికి కురి, సంక్రాంతికి క్రౌన్ ప్రిన్స్ అని పెట్టుకోండి.

హంటర్ బటర్‌నట్ గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. మామూలు బటర్‌నట్ రకాల్లో బాగా పేరున్న వాల్తమ్ అమెరికాలో మసాచుసెట్స్‌లో తయారైంది. అక్కడి వేసవి ఇక్కడికంటే చాలా వేడి. లీడ్స్‌లో అది సెప్టెంబరు చివరికి కూడా పచ్చచారలతో ఉండిపోతుంది, అలాంటి కాయకు తీపీ ఉండదు, నిలవా ఉండదు. హంటర్ బ్రిటన్ వాతావరణం కోసమే తయారుచేసిన రకం, త్వరగా ముదురుతుంది. దక్షిణాన లండన్ దగ్గర స్లౌ వైపు ఉన్న తెలుగు కుటుంబాలు దీన్ని బాగా పండిస్తున్నారు. నాకు లెస్టర్‌లో రెండేళ్లకు ఒకసారి మంచి కాపు వస్తుంది. మీ దగ్గర ఇంకా అనుమానమే. పాలీటన్నెల్ (ప్లాస్టిక్ షీటు కప్పిన సొరంగం లాంటి పందిరి) ఉంటే మాట వేరు. పులుసులో ముక్క విడవకుండా నిలబడటంలో, మన తీపి గుమ్మడికి రుచిలో దగ్గరగా ఉండటంలో బటర్‌నట్‌ను మించింది లేదు. అందుకే పూర్తిగా వద్దనలేకపోతున్నాను.

కేటలాగ్‌లో మిమ్మల్ని లాగే మిగతా రకాల గురించి క్లుప్తంగా. మరీనా డి కియోజ్జా, ఇటలీ రకం, ఒళ్లంతా బొడిపెలతో భలే ఉంటుంది, కానీ ఆలస్యంగా ముదురుతుంది, మీకు వద్దు. ప్రొవెన్స్ రకాలు మన తీపి గుమ్మడిలాగే కనిపిస్తాయి కాబట్టి మనసు లాగుతుంది, కానీ అవి మోస్చాటా, ఫ్రాన్స్ దక్షిణపు ఎండకు పెరిగినవి. ఏకార్న్, డెలికాటా, స్వీట్ డంప్లింగ్ మూడూ కుకుర్బిటా పెపో జాతి. లీడ్స్‌లో సులువుగా పండుతాయి, చిన్న చిన్న కాయలు, పిల్లలకు ఓవెన్‌లో కాల్చి పెట్టడానికి బాగుంటాయి. కానీ రెండు, మూడు నెలలకే పీచుబారతాయి, సంక్రాంతికి నమ్ముకోకండి. స్పాగెట్టి స్క్వాష్ ఉడికితే సేమ్యాలాగా పోగులుగా విడిపోతుంది, పులుసుకు పనికిరాదు. హాలోవీన్ గుమ్మడి చెక్కడానికి పెంచేది, గుజ్జంతా నీళ్లు. ఆ స్థలం క్రౌన్ ప్రిన్స్‌కి ఇవ్వండి, పిల్లలకు కావాలంటే అక్టోబరులో సూపర్‌మార్కెట్‌లో చవగ్గా దొరుకుతుంది. దిష్టికి కట్టడానికో, వడియాలకో బూడిద గుమ్మడి పండిద్దామని అడుగుతుంటారు చాలామంది. దానికి బటర్‌నట్ కంటే కూడా ఎక్కువ వేడి కావాలి. ఉత్తర ఇంగ్లండ్‌లో ఆరుబయట సాధ్యం కాదు.

స్థలం లెక్క. పాత కొలతలో పూర్తి ప్లాటు పది రాడ్లు, అంటే దాదాపు 250 చదరపు మీటర్లు. మీ సగం 125 ఉంటుంది. క్రౌన్ ప్రిన్స్ తీగ నాలుగైదు మీటర్లు సునాయాసంగా పాకుతుంది. మొక్కకూ మొక్కకూ కనీసం మీటరున్నర, వీలైతే రెండు మీటర్లు వదలండి. నాలుగు మొక్కలకు 15 చదరపు మీటర్ల దాకా పోతుంది. ఎక్కువ అనిపిస్తే తీగను పాదు చుట్టూ గుండ్రంగా తిప్పుతూ, అక్కడక్కడా కర్రముక్కలతో పట్టి ఉంచండి. మొక్కజొన్న వేసుకుంటే దాని కింద కూడా పాకించవచ్చు. ఉచికి కురి కాయ చిన్నది కాబట్టి గట్టి పందిరి మీదికి ఎక్కించవచ్చు. క్రౌన్ ప్రిన్స్‌ను మాత్రం నేల మీదే ఉంచండి.

గింజలు జనవరి, ఫిబ్రవరిలోనే కొనండి. క్రౌన్ ప్రిన్స్ వసంతానికి చాలాచోట్ల అయిపోతుంది. కానీ విత్తడానికి తొందరపడకండి. మీ దగ్గర ఏప్రిల్ చివరి వారం, మే మొదటి వారం సరైన సమయం. మార్చిలో పెడితే కిటికీ దగ్గర సన్నగా సాగిపోయి, బయటకు వెళ్లేసరికి బలం లేకుండా ఉంటాయి. 9 సెంటీమీటర్ల కుండీలో ఒక్కో గింజ, పక్క అంచు మీద నిలబెట్టి, రెండున్నర సెంటీమీటర్ల లోతులో. పడుకోబెడితే పైన నీళ్లు నిలిచి కుళ్లే అవకాశం ఉంటుంది. 20 డిగ్రీలు దాటిన వెచ్చదనంలో వారం రోజుల్లో మొలుస్తుంది. నాటే ముందు వారం, పది రోజులు పగలు బయటపెట్టి రాత్రి లోపలికి తెస్తూ అలవాటు చేయండి.

నాటిన మొదటి పది రోజుల్లో గుమ్మడికి పెద్ద శత్రువు చలి కాదు, నత్తలు. ఇక్కడ స్లగ్ అనేవి గుల్ల లేని నత్తలు, ఒక్క రాత్రిలో మొక్కను మొదలంటా కొరికేస్తాయి. అందుకే మూడు, నాలుగు అసలు ఆకులు వచ్చిన మొక్కనే నాటాలి. పాత షెడ్లలో నత్తలను చంపే నీలం రంగు మెటాల్డిహైడ్ గుళికలు దొరికితే వాడకండి. 2022 వసంతం నుంచి బ్రిటన్‌లో ఆరుబయట వాటి వాడకం నిషేధం. ఫెర్రిక్ ఫాస్ఫేట్ గుళికలు వాడొచ్చు. నేను వీటికంటే చీకటిపడ్డాక టార్చి పట్టుకుని ఏరడాన్నే ఎక్కువ నమ్ముతాను.

పాదులో బకెట్ నిండా బాగా చివికిన ఎరువు వేసి, నీళ్లు మొదట్లో పోయండి, ఆకుల మీద కాదు. మొదట అన్నీ మగపువ్వులే వస్తాయి, టెన్షన్ పడకండి. తర్వాత వచ్చే ఆడపువ్వుకు కింద గోలీకాయంత పిందె ఉంటుంది. వానలకు తేనెటీగలు తిరగని రోజుల్లో ఉదయాన్నే ఒక మగపువ్వు తుంచి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దండి. మధ్యాహ్నానికి పువ్వు ముడుచుకుంటుంది, ఇక లాభం లేదు.

లీడ్స్‌లో ఆగస్టు మధ్య తర్వాత పడిన పిందె ముదరదు. దీన్ని గట్టిగా పట్టుకోండి. అప్పటికి క్రౌన్ ప్రిన్స్‌కు రెండు, మూడు, ఉచికి కురికి నాలుగైదు కాయలుంటే తీగ కొస తుంచేయండి. తర్వాత వచ్చే చిన్న పిందెలను కోసి కూరలో వేసుకోండి, బలమంతా ఉన్న కాయలకు పోతుంది. ఒక్కో కాయ కింద పెంకుముక్కో చెక్కముక్కో పెట్టండి, తడినేల మీద కాయ అడుగు కుళ్లుతుంది. సెప్టెంబరులో ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు వస్తుంది. కాయలు అప్పటికే నిండి ఉంటే కంగారు పడనక్కర్లేదు.

కాయ ముదిరిందో లేదో రంగు చూసి మోసపోవద్దు, తొడిమ చూడండి. మాక్సిమా జాతిలో పచ్చి కాయ తొడిమ నున్నగా, పచ్చగా, కండపట్టి ఉంటుంది. ముదిరేకొద్దీ దాని మీద లేత గోధుమరంగు గీతలు నిలువునా పగులుతాయి. ఆ పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి తొడిమంతా సీసా బిరడాలా ఎండి, గరుకుగా, తేలిగ్గా అయిపోతుంది. అప్పుడు తొక్క మీద గోరు గుచ్చి చూడండి, దిగకూడదు. బటర్‌నట్ తొడిమ ఇలా బిరడాగా మారదు, దానికి కాయ మీది పచ్చదనమంతా పోయి గోధుమరంగు రావాలి.

కోసేటప్పుడు కత్తెరతో తొడిమకు రెండు పక్కలా తీగముక్క ఉండేలా కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తకండి. అది ఊడితే ఆ గాయం నుంచే కుళ్లు మొదలవుతుంది, ఊడిన కాయను ముందు వండేసుకోండి. కోశాక పది రోజుల నుంచి రెండు వారాలు 20 డిగ్రీలకు పైన ఆరాలి. అక్టోబరు లీడ్స్‌లో బయట ఆ ఎండ దొరకదు, కాబట్టి ఇంట్లో దక్షిణం వైపు కిటికీ దగ్గరో, కన్సర్వేటరీలోనో (ఇంటికి ఆనుకుని ఉండే అద్దాల గది) పెట్టండి. గీతలు పడినచోట తొక్క గట్టిపడి మూసుకుంటుంది.

తర్వాత నిలవ. 10 నుంచి 15 డిగ్రీలు, పొడి చోటు. వంటింట్లో హీటింగ్ వేడికి కాయ ఎండి పీచుబారుతుంది, గరాజ్‌లో జనవరి చలికి మెత్తబడుతుంది. మా ఇంట్లో రేడియేటర్ ఆపేసిన చిన్న గదిలో అట్టల మీద, ఒకదానికొకటి తగలకుండా పరుస్తాను. రెండు వారాలకోసారి ఒక్కో కాయను తిప్పి అడుగు, తొడిమ మొదలు వేలితో నొక్కి చూడాలి. మెత్తగా తగిలితే ఆ రోజే కోసి, బాగున్న భాగం వండేయండి.

ఇక దప్పళం. క్రౌన్ ప్రిన్స్ ముక్క గట్టిది కాబట్టి పులుసులో విడిపోదు, కానీ మన గుమ్మడికంటే త్వరగా ఉడుకుతుంది. చిలగడదుంప, ములక్కాయ సగం ఉడికాక పెద్ద ముక్కలుగా వేయండి. చెక్కు గట్టిది, తీసేయడమే మేలు. తీపి బాగా ఉంటుంది కాబట్టి బెల్లం చేతికి వచ్చినంత వేయకుండా ముందు రుచి చూడండి. నాలుగు కిలోల కాయ నలుగురికి ఒక పూటకు ఎక్కువే. మిగిలిన ముక్క గింజలు తీసేసి, కవర్ చుట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటుంది, లేదా పండగపూట రెండిళ్లకు పంపండి. ఉచికి కురిని పులుసులో వేస్తే కరిగి చిక్కబడిపోతుంది. దాన్ని పోపు పెట్టి బెల్లం కూరకో, ఆవపెట్టిన కూరకో, హల్వాకో ఉంచండి. అందులో దాని పిండిదనం బ్రహ్మాండంగా కుదురుతుంది.

గింజలు దాచుకుని వచ్చే ఏడు వేయొచ్చా అని కూడా అడిగారు. క్రౌన్ ప్రిన్స్ ఎఫ్1 కాబట్టి దాని గింజకు అదే కాయ రాదు. ఉచికి కురి మామూలు రకమే, కానీ పక్కనే క్రౌన్ ప్రిన్స్ ఉంటే తేనెటీగలు రెండింటినీ కలిపేస్తాయి. ఈ ఏడు కాయ రుచికి ఏమీ కాదు, తేడా అంతా గింజలో ఉంటుంది. అచ్చమైన గింజ కావాలంటే ముందురోజు సాయంత్రమే విచ్చబోయే ఉచికి కురి ఆడపువ్వునూ మగపువ్వునూ దారంతో కట్టేసి, తెల్లారాక మీ చేత్తో పుప్పొడి అద్ది, ఆడపువ్వును మళ్లీ కట్టేయాలి. ఆ కాయకు ఒక గుడ్డపీలిక గుర్తుగా కట్టుకోండి.

కోర్జెట్, ఏకార్న్ లాంటి పెపో రకాల గింజలు మాత్రం అలాట్‌మెంట్‌లో అస్సలు దాచకండి. ఎవరో ఒకరు అలంకారపు కాయలు వేస్తూనే ఉంటారు. వాటితో కలిసిన గింజ నుంచి వచ్చే కాయలో కుకుర్బిటసిన్ అనే చేదు విషం చేరవచ్చు, ఉడికించినా అది పోదు. ఏ గుమ్మడైనా, కోర్జెట్ అయినా వండేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, మొత్తం కాయ పారేయండి, ఆ మొక్కనూ పీకేయండి.